మంచి హబ్బు మోగుతుందన్న మనిషి

కొత్తగా ఉద్యోగంలో చేరిన విలేకరులకు నాలుగు మాటలు చెప్పమని అప్పుడప్పుడూ నన్ను పిలుస్తుంటారు. వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మీ వార్తల వల్ల ఏం జరిగిందండీ అని. నా వార్తల వల్ల ప్రభుత్వాలేమీ కదల్లేదు. ఒక మండల స్థాయి అధికారి బదిలీ కూడా అవలేదు. ముప్ఫై ఏళ్ల పైబడిన ఉద్యోగంలో నా రాత వల్ల ఆగిందల్లా ఒక్క సైకిలు. అది కూడా ఎత్తు ఎక్కుతూ, పోటీ మధ్యలో. ఆ సంగతి చెబుతాను. మిగతావాటికంటే మీకు అదే పనికొస్తుంది.

ముందు నా చెవి గురించి చెప్పాలి. గుంటూరులో మిరప యార్డు వార్తలు పద్దెనిమిదేళ్లు రాశాను. పొద్దున్నే ముక్కుకు తువ్వాలు కట్టుకుని, తుమ్ముకుంటూ టిక్కీల మధ్య తిరగడం నా పని. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపుతాడు. లోపల గింజలు గలగలమంటే కాయ బాగా ఎండినట్టు. కిమ్మనకుండా ఉంటే తేమ ఉన్నట్టు. అలాంటి కాయను రైతు మళ్లీ తీసుకుపోయి కళ్లంలో ఎండబెట్టుకోవాలి. ఇది చూసి చూసి నాకూ అలవాటైపోయింది. ఏ వస్తువు చేతికొచ్చినా చెవి దగ్గర ఊపేవాణ్ణి. వేరుశనక్కాయలు సరే, టార్చిలైటు, మందు సీసా, ఒకసారి మా ఆవిడ కొత్తగా కొన్న ప్రెషర్ కుక్కరు కూడా ఊపాను. "గింజలు ఎండినయ్యా?" అని అడిగింది ఆవిడ.

రిటైరవడానికి మూడేళ్ల ముందు నన్ను ఒంగోలు డెస్కుకు వేశారు. అక్కడ వారానికి ఒక రోజు యువతరం కోసం అరపేజీ వచ్చేది. కొండ దారుల్లో తొక్కే లావు టైర్ల గేర్ల సైకిళ్లు, మౌంటెన్ బైకులంటారే అవి, అప్పుడప్పుడే మన ఊళ్లలోనూ కనపడుతున్నాయి. వాటి మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులివ్వాలని మా డెస్కు ఇన్‌ఛార్జికి ఆలోచన వచ్చింది.

"మీకు సైకిలు తొక్కడం వచ్చాండీ?" అని అడిగాడు నన్ను.

"వచ్చండి."

"అయితే ఆ శీర్షిక మీదే."

మా ఆఫీసులో నిపుణులను అలాగే తయారు చేసేవారు. అంతకు ముందు నెల, పన్ను పీకించుకుని వచ్చిన ఒక సబ్ ఎడిటర్‌కు దంతరక్షణ శీర్షిక అప్పగించారు. నేను నడిపిన సైకిలుకు గేర్లు లేవు, ఒక దశలో బ్రేకులూ లేవు. అయినా మూడో వారానికల్లా నిపుణుడి గొంతు వచ్చేసింది. "సాధారణంగా", "అనుభవజ్ఞులు చెప్పేదేమంటే" లాంటి మాటలు పడటం మొదలైంది. ఆ అనుభవజ్ఞులు ఎవరో నాకే తెలియదు.

అక్టోబరులో దర్శి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినామె అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. తల్లి చర్చిలో సండే స్కూలు చెబుతుంది. ఈ అమ్మాయి నాలుగేళ్లుగా మౌంటెన్ బైకు పోటీల్లో దిగుతోంది. నిరుడు రాష్ట్ర జట్టు ఎంపికలో నాలుగో స్థానం వచ్చిందట. ముగ్గురినే తీసుకుంటారు. "డిసెంబరులో మళ్లీ ఎంపిక ఉంది. ఈసారీ రాకపోతే సైకిలు అమ్మేసి హాస్టల్ వార్డెన్ పనిలో చేరతానని అమ్మకు మాటిచ్చాను. వెనక చక్రం కొత్తది కట్టించుకుంటున్నాను. రిమ్ము కొన్నాను. హబ్బు మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి సార్?" అని రాసింది.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక మనిషి నాలుగేళ్ల కష్టం నా జవాబు మీద పెడుతోందని అర్థమైంది. ఇది ఆఫీసులో కూర్చుని రాసే జవాబు కాదనిపించి మెకానిక్కు దగ్గరకు బయల్దేరాను. ఈ కథలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. అందుకే కాస్త నొక్కి చెబుతున్నాను.

ఒంగోలులో ఆ పెద్దాయన్ను అందరూ భాయ్ అని పిలిచేవారు. చిన్న కొట్టు. పాత సైకిళ్లు, కొత్త సైకిళ్లు, ఏది తెచ్చినా విప్పి చూడనిదే మాట్లాడడు. హబ్బంటే చక్రానికి నడిమధ్య ఉండే భాగమని, స్పోకులన్నీ అక్కడి నుంచే బయల్దేరతాయని, ఇరుసు దాని లోంచే పోతుందని మొదలుపెట్టి ఓపికగా చెప్పాడు. వెనక హబ్బుకు ఇంకో పని ఉంది. పెడలు తొక్కినప్పుడు చక్రాన్ని పట్టుకుని తిప్పాలి. తొక్కడం ఆపితే వదిలేయాలి. పట్టుకునేవి లోపలుండే చిన్న కొక్కేలు. వదిలేసినప్పుడు అవే లోపలి పళ్ల మీద తగులుతూ టికటిక మోగుతాయి.

రెండు హబ్బులు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. నేను ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

"ఏంది సార్ అది?" అన్నాడు.

"చూస్తున్నాను భాయ్."

"చెవితోనా? మిరపకాయ కాదు సార్ అది. ఊపమాకండి, తిప్పండి."

తిప్పాను. ఒకటి కొట్టు దద్దరిల్లేట్టు టరటర మోగింది. రెండోది తిరిగిందో లేదో తెలియనంత మెత్తగా తిరిగింది. నా పద్దెనిమిదేళ్ల అనుభవం నాకు వెంటనే తీర్పు చెప్పేసింది.

"ఇదేగా మంచిది?" అన్నాను మోగినదాన్ని చూపించి.

"కుర్రాళ్లకి అదే ఇష్టం సార్. మోగితే రోడ్డు మీద నలుగురూ తిరిగి చూస్తారు గదా," అని నవ్వాడు. ఆ మాట పుస్తకంలో మొదటి వాక్యంగా రాసుకున్నాను. నవ్వు రాసుకోలేదు.

తర్వాత కొలతలు చెప్పాడు. వెనక ఫ్రేములో ఇరుసు కూర్చునే చోటు వెడల్పు ఎంతో కొలవాలి. రిమ్ముకు ఎన్ని చిల్లులుంటే హబ్బుకూ అన్నే ఉండాలి. డిస్కు బ్రేకు పళ్లెం బిగించే తీరు కలవాలి. గేర్ల పళ్ల గుత్తి హబ్బు మీద కూర్చోవాలి. అంకెలు కనపడితే విలేకరికి ప్రాణం లేచివస్తుంది. అన్నీ రాసుకున్నాను. టీ వచ్చింది. తాగాం. నేను పుస్తకం మూయబోతుంటే అప్పుడన్నాడు భాయ్:

"ఇయ్యన్నీ అయినాక అసలు సంగతి వినండి సార్. మనది రేగడి నేల. ఎండితే పిండి, తడిస్తే జిగురు. హబ్బు అంచున ఈ రబ్బరు పట్టీ ఉంది చూశారా, ఇది గట్టిగా పట్టుకుని ఉండాల. ఆ మోగే దాంట్లో పట్టీ వదులు. బురద లోపలికి పోయిద్ది. కళ్లు మూసుకుని వేళ్లతో నిదానంగా తిప్పి చూడాల, యాడన్నా గరుగ్గా తగిలితే వద్దు. బేరింగులు మన ఊళ్లో దొరకాల, మనమే విప్పి కడుక్కునేట్టుండాల. చప్పుడుదేముంది సార్."

అదీ రాసుకున్నాను, ఆఖరి పేజీలో, వంకరగా.

ఇక్కడ మా వృత్తి తీరు ఒకటి చెప్పాలి. వార్తలో ముఖ్యమైనది ముందు రాస్తాం, తక్కువ ముఖ్యమైనది కిందికి తోస్తాం. చోటు చాలకపోతే కింది నుంచి కోస్తాం. మామూలు మనుషులు అలా మాట్లాడరు. వాళ్లు అటూ ఇటూ తిప్పి, టీ తాగి, లేచి వెళ్లబోతూ అసలు మాట చెబుతారు. నేను భాయ్ చెప్పింది చెప్పిన వరసలోనే రాశాను. ఆ సాయంత్రం ఒక కోల్డ్ స్టోరేజీ ప్రకటన వచ్చింది. ఇన్‌ఛార్జి నా వైపు చూశాడు.

"పన్నెండు లైన్లు పోవాలండీ."

"కింద కోసేయండి," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ చెవుల్లో ఉంది. రబ్బరు పట్టీ పోయింది, రేగడి నేల పోయింది, వేళ్లతో తిప్పి చూడటం పోయింది. శీర్షిక మాత్రం మిగిలింది. నేనే పెట్టాను: "మంచి హబ్బు మోగుతుంది."

పది రోజులకు దర్శి నుంచి ఫోను.

"సార్, బిగించాను సార్! కొలతలన్నీ సరిగ్గా సరిపోయినయ్. మోగుతోంది సార్, వినండి!" అని ఫోను చక్రం దగ్గర పెట్టింది. డెస్కులో అందరికీ వినిపించేట్టు స్పీకరు పెట్టాను. "ఆదివారం చర్చికి పోతుంటే ప్రార్థన ఆపి చూశారంట సార్. కుక్కలు మాత్రం వెంటపడతన్నాయ్."

"కుక్కలు వెంటపడితే ఇంకా వేగంగా తొక్కుతావమ్మా," అన్నాను. డెస్కు నవ్వింది. నేనూ నవ్వాను. మా ఫొటోగ్రాఫరు మాత్రం, "గురువుగారూ, మీరు దాన్ని తొక్కి చూశారా?" అని అడిగాడు. అతను చిన్నవాడు, నోరు పెద్దది. నేను తర్వాతి ఉత్తరం చేతిలోకి తీసుకున్నాను.

నవంబరు చివర తుపాను పట్టింది. దర్శి, పొదిలి వైపు చేలన్నీ నీళ్లు, దారులన్నీ రేగడి బురద. ఆ అమ్మాయి ఆ బురదలోనే సాధన చేసింది. వాన వెలిసిన మర్నాడు మళ్లీ ఫోను చేసింది.

"సార్, చప్పుడు తగ్గింది. నీళ్లు పోయినట్టున్నయ్. విప్పించమంటారా?"

ఎవరినైనా అడిగి చెబుతాననాలి. భాయ్ కొట్టు మా ఆఫీసుకు ఐదు నిమిషాల దూరం. కానీ నేను అప్పటికే నిపుణుణ్ణి. చప్పుడు లేదంటే తేమ ఉన్నట్టు. తేమ ఉంటే ఏం చేయాలో గుంటూరు జిల్లాలో పుట్టిన ఎవరికైనా తెలుసు.

"పోటీ ముందర విప్పడం ఎందుకమ్మా. చక్రం ఊడదీసి రెండు రోజులు డాబా మీద ఎండబెట్టు. తేమ లాగేస్తుంది. మళ్లీ మోగుతుంది," అన్నాను.

ఎండబెట్టింది. మొదటి రోజు మిరపకాయలు తిరగేసినట్టు చక్రాన్ని కూడా తిరగేసిందట, రెండు వైపులా సమానంగా ఎండాలని. మూడో రోజు, "కొంచెం మోగింది సార్," అని చెప్పింది. నా వైద్యం ఫలించిందని డెస్కులో అందరికీ చెప్పాను.

ఎంపిక పోటీ మార్టూరు దగ్గర, పాత గ్రానైటు క్వారీల మధ్య మట్టి దారుల్లో పెట్టారు. ఐదు చుట్లు. ప్రతి చుట్టులో ఒక నిటారు ఎక్కుడు, ఒక పొడుగాటి దిగుడు. నేను ముందురోజే వార్త రాసి పెట్టుకున్నాను: "మా పాఠకురాలికి రాష్ట్ర జట్టులో చోటు." స్థానం అంకె మాత్రం ఖాళీ. మూడు దాటదన్న ధీమా. ఫొటోగ్రాఫరు దారిలో అది చదివి, "ఖాళీ కాస్త వెడల్పుగా వదలండి గురువుగారూ," అన్నాడు.

తల్లి కూడా వచ్చింది. సన్నటి మనిషి, నెత్తిన కొంగు, చేతిలో బైబిలు. కూతురు నన్ను పరిచయం చేస్తే రెండు చేతులూ జోడించి, "మీ గురించి చానా చెప్పిందయ్యా. మీరు చెప్పినట్టే చేసింది అన్నీ," అంది. నేను వినయంగా తల వంచాను. ఫొటో కూడా తీయించుకున్నాం. ఆ ఫొటో నా దగ్గరుంది. అందులో నా ముఖం చూస్తే నాకే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

మొదటి రెండు చుట్లు ఆమె రెండో స్థానంలో ఉంది. మూడో చుట్టులో ఎక్కుడు సగానికి వచ్చి గట్టిగా తొక్కింది. కాళ్లు గిర్రున తిరిగాయి. చక్రం కదల్లేదు. మళ్లీ తొక్కింది. పెడళ్లు ఫ్యానులాగా తిరిగాయి, సైకిలు వెనక్కి జారింది. దిగింది. ఒక్క క్షణం చక్రం వైపు చూసి, సైకిలును తోసుకుంటూ ఎక్కుడు మీద పరుగెత్తింది.

"ఏమైంది?" అని ఫొటోగ్రాఫరు నన్నడిగాడు. నేను నిపుణుణ్ణి కదా. నాకేం తెలుసు?

దిగుడు దగ్గర మా పక్క నుంచే జారుకుంటూ వెళ్లింది. దిగుడులో తొక్కనక్కర్లేదు కాబట్టి సైకిలు దానంతటదే పోతుంది. అప్పుడు గమనించాను, హబ్బు చప్పుడే లేదు. తతిమ్మా సైకిళ్లన్నీ టికటికమంటూ పోతుంటే ఆమెది ఊరకే జారిపోయింది. భాయ్ చెప్పిన కొక్కేలు గుర్తొచ్చాయి. అవి లోపల బిగుసుకుపోయాయి. పట్టుకోవడం లేదు, మోగడమూ లేదు.

ఆమె మానలేదు. మిగిలిన రెండు చుట్లూ అలాగే చేసింది. ఎక్కుడంతా పరుగు, చదునులో సైకిలు భుజాన వేసుకుని పరుగు, దిగుడులో మాత్రం ఎక్కి కూర్చోవడం. తల్లి బైబిలు గట్టిగా పట్టుకుని, "దిగిపోమ్మా, చాల్లే దిగిపో," అని అరుస్తూనే ఉంది. తొమ్మిదిమందిలో ఎనిమిదో స్థానంలో వచ్చింది. తొమ్మిదో ఆమె పడిపోయి మధ్యలో మానుకుంది.

నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని నా దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎండలో పెట్టాను గదా సార్," అంది. "రెండు రోజులూ పెట్టాను."

మా ఆఫీసు జీపులోనే సైకిలు వేసుకుని మధ్యాహ్నానికి భాయ్ కొట్టుకు పోయాం. తల్లిని దర్శి బస్సెక్కించాం. భాయ్ హబ్బు విప్పాడు. లోపల రేగడి బురద గ్రీజుతో కలిసి, ఎండకు కాలి, కుండ పెంకులాగా గట్టిపడి ఉంది. దాంట్లో కొక్కేలు ఇటుక గోడలో మేకుల్లాగా ఇరుక్కుపోయాయి. స్క్రూడ్రైవరుతో గీకితే పొడిపొడిగా రాలింది.

"తడిగా ఉన్నప్పుడు విప్పి కిరోసిన్‌తో కడిగుంటే పావుగంట పని," అన్నాడు. "దీన్ని ఎండబెట్టమని ఎవుడు చెప్పాడమ్మా నీకు? బుర్ర ఉందా వాడికి?"

ఆమె నా వైపు చూడలేదు. "ఎవరో చెప్పారు భాయ్," అంది.

ఆ మాటతో ఊరుకుని ఉంటే నా నిపుణత్వం ఇంకొన్నాళ్లు బతికేది. నోరు తెరవడానికి ఎంతసేపు పట్టిందో నాకే సిగ్గుగా ఉంది.

"నేనే భాయ్," అన్నాను. "హబ్బూ నేనే చెప్పాను. ఎండా నేనే చెప్పాను."

భాయ్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "సార్, నేను పట్టీ గురించి చెప్పాగా."

"చెప్పావు. రాశాను. కింద కోసేశారు."

"అసలు మాట కిందెందుకు పెట్టారు సార్?"

ముప్ఫై ఏళ్లలో మా వృత్తి గురించి నన్ను ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు.

భాయ్ లోపలి నుంచి రెండు మూడు హబ్బులు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ వేళ్లతో నిదానంగా తిప్పింది. అంచు రబ్బరును గోటితో లాగి చూసింది. నేను చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాను, పొరపాటున ఏదీ పట్టుకుని ఊపకుండా. చివరకు ఒకటి పక్కన పెట్టింది.

"ఇది మంచిదే భాయ్. కానీ బిగించి ఏం లాభం? అమ్మకు మాటిచ్చాను," అని, అప్పుడు నా వైపు తిరిగింది. "నేను తొక్కలేక ఓడిపోలేదని అమ్మకు మీరు చెప్పాలి సార్. నేను చెబితే సాకనుకుంటది."

ముందు పత్రికలో చెప్పాలనుకున్నాను. మర్నాడు ఇన్‌ఛార్జి దగ్గరకు వెళ్లి సవరణ వేయాలన్నాను.

"సవరణా? దేనికండీ?"

"హబ్బుకండీ."

"ఎవరన్నా కేసు వేశారా?"

"లేదండి."

"పోనీ ఎమ్మెల్యే ఎవరన్నా ఫోను చేశారా?"

"లేదండి."

"మరెందుకండీ, హాయిగా ఉన్నదానికి!"

రెండు రోజులు వెంటపడితే ఎనిమిది లైన్లిచ్చాడు. పోయిన సర్టిఫికెట్ల ప్రకటనల పక్కన పడింది. ఈసారి రబ్బరు పట్టీని మొదటి లైనులో పెట్టాను. చప్పుడును చూసి హబ్బు కొనవద్దని, తడిసిన హబ్బును ఎండబెట్టవద్దని, ముందు తప్పుగా చెప్పింది నేనేనని రాశాను. అది కోసుకుని జేబులో పెట్టుకుని దర్శి బస్సెక్కాను.

చిన్న ఇల్లు, ముందు రేకుల పంచ. పంచలో చక్రం లేని సైకిలు గోడకు ఆనించి ఉంది. అప్పటికే ఎవరో కొనడానికి వచ్చి చూసి పోయారట. తల్లి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను, యార్డుతో సహా. కూతురు గుమ్మంలో నిలబడి నేల చూస్తోంది.

"అయితే పిల్ల కాళ్లలో లోపం లేదంటారు," అంది తల్లి చివరకు.

"లేదమ్మా. రెండు చుట్లు సైకిలు మోసుకుంటూ కూడా చివరిదాకా వచ్చింది."

"లోపమంతా మీ కాడ ఉంది."

"నా దగ్గరే ఉందమ్మా."

కాగితం ముక్క ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ఎనిమిది లైన్లూ బైబిలు చదివినంత శ్రద్ధగా చదివింది. మడిచి కొంగున ముడేసుకుంది.

"ఇంకొక్క ఏడు తొక్కనిస్తానయ్యా," అంది. "కానీ ఒకటి. ఈ ఏడాదంతా ఇది ఫోను చేసి ఏదన్నా అడిగితే మీరు ఏం చెప్పకూడదు. ప్రమాణం చెయ్యక్కర్లేదు, మా దాంట్లో ప్రమాణాలు చెయ్యం. ఊరకే మాటియ్యండి చాలు."

మాటిచ్చాను. ఆ ఏడాది ఆమె ఏడెనిమిదిసార్లు ఫోను చేసింది. టైర్లలో గాలెంత ఉండాలి, గొలుసుకు ఏ నూనె వేయాలి అని అడిగేది. "భాయ్‌ని అడుగమ్మా," అనేవాణ్ణి. ఇంకో మాట నాలిక చివర దాకా వచ్చేది. మింగేవాణ్ణి. జవాబు తెలియనప్పుడు మాట్లాడకుండా ఉండటం ఇంత కష్టమని, పత్రికలో అప్పటిదాకా ఎప్పుడూ ప్రయత్నించలేదు కాబట్టి, నాకు తెలియదు.

మరుసటి డిసెంబరు పోటీకి నేను వెళ్లలేదు. నన్ను పంపవద్దని నేనే అడిగాను. మధ్యాహ్నం డెస్కులో కూర్చుని ఏదో వార్త దిద్దుతుంటే ఫోను మోగింది.

"సార్, మూడో స్థానం! తీసుకున్నారు సార్!" అంది ఆ అమ్మాయి. వెనక ఎవరో అరుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. నేను ఏదో అనబోయేలోపు, "ఉండండి సార్, అమ్మ మాట్లాడతదంట," అని ఫోను ఇచ్చేసింది.

కాసేపు గాలి చప్పుడు. తర్వాత తల్లి గొంతు.

"అయ్యా, మీరేం చెప్పలేదుగా?"

"లేదమ్మా. ఏడాదంతా ఒక్క ముక్క చెప్పలేదు."

"దేవునికి స్తోత్రం," అని ఫోను పెట్టేసింది.